పరీక్షలో అడిగిన పేరు

పరీక్ష రోజుకల్లా అయిపోవలసిన పనులు ఇవి.

స్వపరిచయం టాపిక్ కంఠతా పట్టాలి. ఆరోగ్యకరమైన ఆహారం టాపిక్ కంఠతా పట్టాలి. తెల్ల చొక్కా ఉతికి ఇస్త్రీ చేయాలి. పరీక్షకులకు పరిచే దస్తర్‌ఖాన్ విందులో మాంసం నా వంతు కాబట్టి ఇంట్లో గొర్రె సంగతి కదపాలి. బోర్సోక్ పిండిముక్కలు మా క్లాసు లీడరు మైరమ్‌గుల్ వేయించి తెస్తుంది కాబట్టి మా పెద్ద మూకుడు ఆమెకు పంపాలి. ఆ పొద్దున ఆవుల పాలు పితకడానికి మా ఆడపడుచు బేగాయిమ్‌ను ఒప్పించాలి. ఇవన్నీ మా అత్తగారికి కోపం రాకుండా చేయాలి.

చివరిది తప్ప మిగతావన్నీ చేయగలిగాను.

మా పుట్టింట్లో గానీ అత్తింట్లో గానీ నాకంటే ముందు కాలేజీ గడప తొక్కినవాళ్ళు లేరు. మా నాన్న గొర్రెల కాపరి. మా మామగారూ గొర్రెల కాపరే. నారిన్ పట్నానికి ఎగువన కొండల్లో ఉన్న మా ఊరి బడిలో ఇంగ్లీషు చెప్పే మనిషి ఎప్పుడూ ఉండేది కాదు. ఇంగ్లీషు గంట కొట్టగానే పిల్లల చేతికి పారలిచ్చి వాకిట్లో మంచు ఎత్తించేవారు. జిల్లా కేంద్రంలో సాయంకాలం కాలేజీకి వెళ్ళి చదువుకుంటున్నానని తెలిసి మా హెడ్‌మాస్టరు ఒక మాటన్నాడు. నోటి పరీక్ష పాసై పట్టా తెచ్చుకుంటే సెప్టెంబరు నుంచి ఆ ఉద్యోగం నాదేనన్నాడు.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే మా అత్తగారు ఉన్ని వడకడం ఆపకుండానే తీర్పు చెప్పింది.

"ఒక్కసారి పోయి కూచో. పాసయితే బడికి పో. తప్పావా, జూన్‌లో గొర్రెల వెనకాల కొండెక్కు. మళ్ళీ ఈ ఇంట్లో పుస్తకం కనబడకూడదు."

మా ఆయన నా వైపు చూశాడు, వాళ్ళమ్మ వైపు చూశాడు, గుర్రానికి నీళ్ళు పెట్టాలని బయటికి వెళ్ళిపోయాడు.

మా దగ్గర ఇంగ్లీషు అంటే టాపిక్‌లే. ఎవరో ఎప్పుడో రాసిన పేజీని ఒకరి ఫోన్లోంచి ఇంకొకరి ఫోన్లోకి పంపుకుని, ఉన్నదున్నట్టు బట్టీపట్టి, పరీక్షలో గడగడా అప్పజెప్పడం. అర్థం తెలియకపోయినా పర్వాలేదు, ఆగకుండా చెప్పాలంతే. కిందటి ఏడు మా ముందు బ్యాచి మొత్తం ఒకే పేజీ అప్పజెప్పింది. అందరి నాన్నలూ ఇంజనీర్లే. అందరూ నది ఒడ్డున అపార్ట్‌మెంట్లోనే ఉంటున్నారు. అందరికీ రెక్స్ అనే కుక్క ఉంది. మనవలున్న ట్రాక్టరు డ్రైవరొకడు లేచి నిలబడి, తనకు పదిహేనేళ్ళనీ పెద్దయ్యాక డాక్టరు కావాలని ఉందనీ చెప్పాడట.

రాజధాని నుంచి వచ్చిన పరీక్షా సంఘం పెద్ద వెనెరా కెరిమోవ్నాకు దాంతో తల కొట్టేసినట్టయింది. ఈ ఏడు ఆమె ముందే కబురు పంపింది. ఎవరింటి గురించి వాళ్ళే చెప్పాలి. ఇప్పుడు ఎవరితో ఒక కప్పు కింద బతుకుతున్నారో వాళ్ళ పేర్లూ పనులూ చెప్పాలి. మధ్యలో ఆపి ప్రశ్నలు వేస్తాం. తడబడితే తప్పినట్టే.

ఆ కబురు మాకు చదివి వినిపించింది మా టీచరు ఐసులూ ఎజే. ఎజే అంటే అక్క. టీచర్లను మేం అలాగే పిలుస్తాం. మా గుంపులో చాలామంది పెళ్ళికానివాళ్ళు, పెళ్ళయినా మైరమ్‌గుల్‌లా వేరు కాపురం పెట్టుకున్నవాళ్ళు. వాళ్ళకేం బాధ లేదు. అత్తమామలతో ఉంటున్నదాన్ని నేనొక్కదాన్నే. కోడలు అత్తమామల పేర్లు నోట పలకదు. మా ఊళ్ళో ఏ ఇంట్లోనూ పలకదు.

క్లాసు అయ్యాక ఐసులూ ఎజే దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

"నాకు తెలుసు నువ్వెందుకొచ్చావో," అంది ఆమె. "ఏదో ఒక పేరు పెట్టి చెప్పెయ్. ఆవిడకేం తెలుస్తుంది?"

"అబద్ధమవుతుంది కదా ఎజే."

"మరి రెక్స్ నిజమేనా?"

"ఆ రెక్స్ వల్లే కదా ఇప్పుడీ తిప్పలు."

"అయితే మీ అమ్మానాన్నల పేర్లు చెప్పు."

"వాళ్ళతో ఉండటం లేదు కదా. ఎవరితో ఉంటున్నారో చెప్పమన్నారు."

ఆమె పుస్తకాలు సంచీలో కుక్కుకుంది. "తాజాగుల్, నీ మంచితనంతో నాకు తలనొప్పి వస్తోంది. వెనెరా కెరిమోవ్నా పట్టిన పట్టు వదలదు. పేరు చెబితే పాసు. చెప్పకపోతే నేను కూడా ఏం చేయలేను. ఇంటికెళ్ళి మీ అత్తనే అడుగు."

మా అత్తను అడగడం అంత సులువైన పని అయితే ఈ కథ రాయవలసిన అవసరమే ఉండేది కాదు.

ముందు ఆహారం టాపిక్‌తో మొదలైంది గొడవ. ఒక రోజు మా ఇంటికి వీధిలో ఆడవాళ్ళు భోజనానికి వచ్చారు. నేను పక్కన కూచుని పిండి పిసుకుతూ లోపల్లోపల అప్పజెప్పుకుంటున్నాను. లోపల అనుకున్నది ఎప్పుడు బయటికి వచ్చేసిందో చూసుకోలేదు.

"కోడలేంటి గొణుగుతోంది?" అంది అత్తగారు. "శపిస్తోందా?"

బేగాయిమ్ జిల్లా కేంద్రంలో ఫోన్ల కొట్లో పనిచేస్తుంది. వీడియోలు చూసి ఇంగ్లీషు పట్టేసింది. తెలిసిన ముక్కను దాచుకునే అలవాటు దానికి లేదు.

"శాపం కాదమ్మా. కొవ్వు మాంసం తింటే గుండెకి చేటంట. తెల్ల రొట్టె, చక్కెర కూడా చేటేనంట. పొద్దున్నే గంజి తాగి కాయగూరలు తినాలంట."

గొర్రె తోక కొవ్వు ముక్క నోటిదాకా తీసుకెళ్ళిన పక్కింటావిడ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఎవరి గుండెకి?" అంది అత్తగారు.

"అందరి గుండెకీనంట."

"గంజి మనం దూడలకి పోస్తాం కదమ్మా," అంది ఇంకొకావిడ. అందరూ నవ్వారు. అత్తగారు నవ్వలేదు.

"మా అత్త తొంభై దాటి బతికింది. కొవ్వు లేకుండా ఒక్క పూట ముద్ద ముట్టలేదు. ఈ మాట రాసినవాడు ఎన్నేళ్ళు బతికాడో అడుగు మీ వదినని."

"నా మాట కాదు అత్తయ్యా," అన్నాను. "పరీక్షలో అప్పజెప్పాలి, అంతే."

"నీది కాని మాట నీ నోట్లోకెట్లా వచ్చింది? తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళని చూశాను. తింటూ తింటూ లెక్కపెట్టేదాన్ని నిన్నే చూస్తున్నా."

ఆ రోజు నుంచి నేను చదువు గొర్రెల దొడ్లోకి మార్చాను. అక్కడైతే ఎవరికీ అభ్యంతరం ఉండదనుకున్నాను. అత్తగారు గోడ అవతల నుంచి వీధి వీధంతా వినేట్టు చెప్పింది. "వెళ్ళింది గొర్రెల దగ్గరికి. కొవ్వు పట్టొద్దని వాటికి చెబుతోంది."

స్వపరిచయం టాపిక్ అంతకంటే కష్టమైంది. పరీక్ష దగ్గరపడుతున్న కొద్దీ నాకు భయం పట్టుకుంది. ఒక ఆదివారం బేగాయిమ్‌ను బతిమాలి దొడ్లోకి తీసుకెళ్ళి, వెనెరా కెరిమోవ్నాలా ప్రశ్నలు అడగమన్నాను. అది గడ్డిమోపు మీద కాలు మీద కాలేసుకుని కూచుంది. ఆ వేషం దానికి బాగానే నచ్చింది.

"మీ అత్తగారి పేరేంటి?" అంది ఇంగ్లీషులో.

నేను గొర్రెల వైపు తిరిగాను.

"చెప్పు వదినా. ఇంగ్లీషులో చెబితే అమ్మకి తెలీదులే."

"పేరు ఏ భాషలోనైనా అదే కదా."

"అయితే నోరు మూసుకుని తప్పు. నాకేంటి. కొండమీద గాలి బాగుంటుంది."

అప్పటికే అత్తగారు గుమ్మంలో ఉంది. పిడకల బుట్ట చంకన పెట్టుకుని ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలియదు.

"ఇంగ్లీషులో నా పేరేంటంట?" అంది.

"అదే పేరమ్మా," అంది బేగాయిమ్.

"అది దీని నోట్లోంచి రావాలని ఎవరన్నారు?"

నేను ఉన్నదున్నట్టు చెప్పాను. పరీక్షకు పట్నం నుంచి ఒకామె వస్తుందనీ, ఇంట్లో ఉన్నవాళ్ళ పేర్లు అడుగుతుందనీ, చెప్పకపోతే తప్పిస్తుందనీ.

"పరీక్ష ఎవరికి? నీకా నాకా?"

"నాకే అత్తయ్యా."

"మరి నా పేరెందుకు?"



"ఇంకేదో పేరు చెప్పేస్తుందిలే అమ్మా," అంది బేగాయిమ్. "గుల్‌నారా అనో ఏదో ఒకటి."

"ఎవతె ఆ గుల్‌నారా? నా పొయ్యి దగ్గర ఇంకొకతెని కూచోబెడతారా మీరిద్దరూ కలిసి?" బుట్ట కింద పెట్టి నా ముందుకు వచ్చింది. "విను. నా పేరు నువ్వు పలికిన రోజు ఈ గడపలో నీకు నీళ్ళు కూడా పుట్టవు. చదువుకున్న కోడలొస్తే నోరు అదుపులో ఉండదని మీ పెళ్ళికి ముందే చెప్పాను. ఎవరూ వినలేదు. నా మాట నిజం చేసి చూపించు, పో."

ఆ తర్వాత గొర్రె అడగడానికి నాకు నోరు రాలేదు. అయినా అడగక తప్పదు. పరీక్షకులకు భోజనం పెట్టడం మా దగ్గర మామూలు. ఎవరి వంతు వాళ్ళు తెస్తారు. మైరమ్‌గుల్ లీడరు కాబట్టి వంతులు ఆమే పంచింది. కాపరి ఇంటి కోడలినని మాంసం నా మీద వేసింది.

"కొవ్వు చేటన్నావుగా," అంది అత్తగారు. "క్యారెట్లు పట్టుకెళ్ళు."

నాకు విసుగు పుట్టింది. "సరే అత్తయ్యా. క్యారెట్లే పట్టుకెళ్తాను."

అంతవరకూ ఆమె మాటకు నేను ఎప్పుడూ సరేనని ఊరుకోలేదు, సర్దిచెప్పేదాన్ని. ఈసారి సరేనన్నాక ఆమెకు నిద్ర పట్టినట్టు లేదు. మా వీధిలో పెళ్ళయినా చావయినా మాంసం పంచేది ఆమె. ఏ ఎముక ఏ అతిథి ముందు పెట్టాలో, ఎవరు ఎవరికి పెద్దో, ఎవరికి తల, ఎవరికి తుంటి ఎముక, ఎవరికి పక్కటెముక, అన్నీ ఆమెకు తెలుసు. ఆమె పళ్ళెం పెట్టేదాకా గడ్డాలవాళ్ళు కూడా చేతులు కట్టుకుని కూచుంటారు. అలాంటి మనిషి ఇంటి నుంచి పరీక్షకు క్యారెట్లు వెళ్ళాయంటే జిల్లా అంతా నవ్వుతుంది.

మర్నాడు తనే మందలోకి వెళ్ళి ఒక గొర్రెను పట్టుకొచ్చింది. మామగారు కోశారు. నేను పేగులు కడుగుతుంటే నా పక్కన నిలబడి అంది:

"నా గొర్రె వెళ్ళే చోటికి నేనూ వస్తాను. తుంటి ఎముక ఎవరి ముందు పెట్టాలో నీ టాపిక్‌లో రాసి లేదుగా."

పరీక్ష పెట్టిన గదిలో రెండు బల్లలు కలిపి వేశారు. ఒక చివర పరీక్ష చీటీలు. మిగతా అంతా తిండి. మా అత్తగారు తెల్ల రుమాలు కట్టుకుని అందరికంటే ముందే లోపలికి వెళ్ళి మాంసం సర్దింది. ఎవరినీ ఏమీ అడగలేదు. మధ్యలో కూచున్న సన్నటి మనిషిని, ఆమె చెవుల ముత్యాలను, ఆమె మాట్లాడుతుంటే మిగతావాళ్ళు ఆగడాన్ని ఒక్కసారి చూసి తుంటి ఎముక ఆమె ముందు పెట్టింది. ఆమే వెనెరా కెరిమోవ్నా. ఆమె కుడిపక్కన ఇంకొక పరీక్షకుడు, లావుపాటాయన, తింటున్నాడు. ఎడమపక్కన మా ఐసులూ ఎజే ఏమీ ముట్టకుండా కూచుంది. అత్తగారు మూలన నీళ్ళు కాగే సమోవార్ దగ్గర నిలబడి టీ పోస్తోంది. ఆమె ఎవరో ఎవరూ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

నా వంతు వచ్చింది. ముందు ఆహారం టాపిక్ అప్పజెప్పాను. ఒక్క చోట కూడా ఆగలేదు. కొవ్వు గురించి, ఉప్పు గురించి, పొద్దున తినవలసిన కాయగూరల గురించి చెబుతుంటే వెనెరా కెరిమోవ్నా తుంటి ఎముక మీది మాంసం చాకుతో సన్నగా కోసుకుంటోంది. మధ్యలో ఆపింది.

"ఇది పేజీలో ఉన్నది. మీ ఇంట్లో ఏం తింటారు?"

"మీరు తింటున్నదే తింటాం," అన్నాను ఇంగ్లీషులో.

"అంటే నేను తింటున్నది చేటా?"

"టాపిక్ ప్రకారం చేటే. మా అత్తగారి ప్రకారం మంచిది."

లావుపాటాయన దగ్గుతూ నవ్వాడు. వెనెరా కెరిమోవ్నా నవ్వలేదు. చాకు తుడిచి పక్కన పెట్టింది.

"సరే. ఇప్పుడు నీ గురించి చెప్పు."

చెప్పాను. నా పేరు తాజాగుల్ అన్నాను. ఇంట్లో ఎవరెవరం ఉంటామో చెప్పాను. మా మామగారు గొర్రెలు మేపుతారని చెప్పాను. మా ఆడపడుచు పేరు బేగాయిమ్ అనీ, ఫోన్లు అమ్ముతుందనీ, ఎదుటివాళ్ళను మాట్లాడనివ్వదనీ చెప్పాను. మా అత్తగారు ఇల్లు నడుపుతుందని చెప్పాను.

"ఆగు. అత్తగారి పేరేంటి?"

ఆ పేరు నా నాలుక చివర ఉంది. చిన్న పేరు. ఒక్క ఊపిరిలో అయిపోతుంది. పలికితే సెప్టెంబరులో బడి నాది. సమోవార్ వైపు నేను చూడలేదు గానీ టీ పోసే చప్పుడు ఆగిపోవడం వినబడింది.

ఆమె మీద ప్రేమతో ఊరుకున్నానని ఎవరైనా అనుకుంటే అది తప్పు. పలికితే ఆమె అన్నమాటే నిజమవుతుంది. చదువుకున్న కోడలికి నోరు అదుపులో ఉండదన్న మాట. ఆ మాటలో ఆమెను నెగ్గనివ్వడం నాకిష్టం లేదు.

"ఆ పేరు నేను పలకను," అన్నాను ఇంగ్లీషులో. "మా ఇంట్లో కోడలు పలకదు. మా అత్తగారు కోపిష్టి మనిషి. ఆమెకు నేనంటే ఇష్టం లేదు. అయినా పలకను. ఇంకేదైనా అడగండి, చెబుతాను."

ఆ వాక్యాలు ఏ పేజీలోనూ లేవు. తప్పులు కూడా పడ్డాయి. కానీ అంత ఇంగ్లీషు నా అంతట నేను మాట్లాడటం అదే మొదటిసారి. ఐసులూ ఎజే తలెత్తి నా వైపు చూసింది.

"పల్లెటూళ్ళలో ఇంకా పాటిస్తారండీ," అంది ఆమె మెల్లగా. "మార్కులు తగ్గించండి, కానీ..."

వెనెరా కెరిమోవ్నా ఇంగ్లీషు వదిలేసి మా భాషలోకి వచ్చింది. "పాటించేవి ఇంట్లో పెట్టి రమ్మను. రేపు ఈమె బడిలో నిలబడి పిల్లలకి చెప్పాల్సిన మొదటి పాఠమేంటి? మీ పేరేంటి, మీ వాళ్ళ పేర్లేంటి. అత్త పేరు నోట రాని మనిషి పిల్లల నోట ఏం రప్పిస్తుంది?"

ఆమె మాటలో న్యాయం లేదని నేను అనను. ఇవాళ నేను కూడా మొదటి పాఠం అదే చెబుతాను.

మా అత్తగారు టీ కెటిల్ పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చింది. మేం అతిథికి సగం కప్పే పోస్తాం, మళ్ళీ మళ్ళీ పోయడానికి. నింపి పోస్తే ఇక లేవమని అర్థం. ఆమె వెనెరా కెరిమోవ్నా కప్పు అంచుదాకా నింపింది. ఇంకా పోసింది.

"చాలమ్మా, చాలు. ఒలికిపోతోంది చూడు," అంది వెనెరా కెరిమోవ్నా.

లావుపాటాయన కప్పు చూశాడు. నమలడం ఆపేశాడు.

"చెప్పు తాజాగుల్," అంది వెనెరా కెరిమోవ్నా. "ఎందుకంత భయం? ఆ ముసల్దేమన్నా తలుపు చాటున నక్కి వింటోందా?"

"వింటోంది," అంది మా అత్తగారు.

వెనెరా కెరిమోవ్నా ముందు తేరుకుంది.

"ఓహో, మీరేనా? మంచిదే అయింది. మీరే చెప్పేయండి, పని అయిపోతుంది. మీ పేరేంటమ్మా?"

"పెట్టినవాళ్ళ పేరు తినకముందు అడగాలి. తిన్నాక కాదు."

"ఇది పరీక్షమ్మా. విందు కాదు."

"దానికి పరీక్ష. నాకు కాదు." అత్తగారు నా వైపు చూడకుండా వేలు మాత్రం చూపించింది. "దీనికి నేనంటే పడదు. నాకు ఇదంటే పడదు. పడని అత్త పేరుని కూడా నేల మీద పడనివ్వలేదు. ఇంక దీని నోట్లో ఏం వెతుకుతున్నావు నువ్వు?"

"తాజాగుల్," అంది వెనెరా కెరిమోవ్నా, ఇప్పుడు గొంతు సన్నగా అయింది. "ఆఖరిసారి. చెబుతావా, తప్పించనా?"

నేను తల దించుకున్నాను. ఆమె కలం తీసి కాగితం మీద తప్పినట్టు రాసింది.

అప్పుడు మా అత్తగారు చేసిన పని మా వైపు ఎవరూ చేయరు. పగవాడు ఇంటికొచ్చినా ముందు రొట్టె పెడతారు, పెట్టిన రొట్టె వెనక్కి తీసుకోరు. తండ్రిని చంపినవాడి ముందు పెట్టినా తీసుకోరంటారు పెద్దలు. వీధి మొత్తానికి మాంసం పంచే ఆ మనిషి, రెండు చేతులతో మాంసం పళ్ళెం ఎత్తింది. వెనెరా కెరిమోవ్నా చేతిలో తుంటి ఎముక ఒక్కటే మిగిలింది. ఆమె దాన్ని పళ్ళెంలో పెట్టబోయింది, ఏం చేయాలో తెలియక.

"అది ఉంచుకో," అంది అత్తగారు. "కొరికింది మేం తినం."

తలుపు దగ్గర నా తర్వాత వంతువాళ్ళు నిలబడి ఉన్నారు. మైరమ్‌గుల్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అత్తగారు వాళ్ళ మధ్యలోంచి పళ్ళెం పట్టుకుని నడిచి వెళ్ళింది. నేను నా కోటు తీసుకుని వెనకాల వెళ్ళాను.

ఊరికి వెళ్ళే వ్యాన్‌లో పళ్ళెం గుడ్డలో మూటగట్టి నా ఒళ్ళో పెట్టింది. కొండ మలుపు తిరిగాక మొదలుపెట్టింది.

"నీ కోసం చేశాననుకోకు."

"అనుకోలేదు అత్తయ్యా."

"నా గురించి ఇంగ్లీషులో ఏం చెప్పావు అక్కడ?"

"కోపిష్టి అన్నాను. నేనంటే మీకిష్టం లేదన్నాను."

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. "నిజమే చెప్పావు." తర్వాత నా వైపు తిరిగింది. "ఒక్కసారే అన్నాను. తప్పావు. కొండెక్కుతావు."

"ఎక్కుతాను."

"మూట సరిగ్గా పట్టుకో. కొవ్వు కారి కోటు పాడవుతుంది."

మేం ఇల్లు చేరేలోపే కబురు చేరింది. అతిథుల ముందు నుంచి మాంసం లాక్కుందట అని. ఎందుకు లాక్కుందో ఆ కబురులో ఎవరూ కలపలేదు. అలాంటి కబుర్లలో ఎందుకన్నది బరువు కదా, దారిలోనే వదిలేస్తారు. జూన్‌లో నేను గొర్రెలతో కొండెక్కాను. గుడారంలో పొద్దునా సాయంత్రం పాలు పితికాను, పెరుగు ఉండలు చేసి ఆరబెట్టాను, ఒక్క ఇంగ్లీషు ముక్క నోట పలకలేదు. సెప్టెంబరులో దిగేసరికి బడిలో ఇంగ్లీషు గంటకు పిల్లలు ఇంకా వాకిలి ఊడుస్తున్నారు.

ఇంటి పరిస్థితి నాకు అప్పుడు తెలిసింది. ఆ వేసవిలో వీధిలో మూడు పెళ్ళిళ్ళయ్యాయి. మొదటి రెండింటికీ మాంసం పంచడానికి అత్తగారిని ఎవరూ పిలవలేదు. మూడో దానికి పిలవకపోయినా వెళ్ళింది. ఆమె గడప దాటగానే ఎవరో, "పళ్ళాలు గట్టిగా పట్టుకోండర్రా, వస్తోంది," అన్నారట. ఆడవాళ్ళు నిజంగానే పళ్ళాలు పట్టుకుని నవ్వారట. గంజి దూడలకు పోస్తాం కదా అన్నావిడే ఆ మాట మొదలుపెట్టిందని బేగాయిమ్ చెప్పింది. అత్తగారు పెళ్ళికూతురి నుదుటి మీద ముద్దు పెట్టి, కూచోకుండా వచ్చేసింది. మళ్ళీ ఏ విందుకూ వెళ్ళలేదు. ఆ సంగతి ఆమె నాతో ఒక్కసారి కూడా ఎత్తలేదు. నన్ను తిట్టడం మాత్రం తగ్గించలేదు. రొట్టె మాడిందని, ఉన్ని సరిగ్గా దువ్వలేదని, నవ్వుతున్నానని, నవ్వడం లేదని.

మరుసటి వసంతంలో ఒక పొద్దున నా పాత కాలేజీ సంచీ తెచ్చి నా ముందు పడేసింది.

"మళ్ళీ వెళ్ళు."

"ఒక్కసారే అన్నారు కదా అత్తయ్యా."

"అన్నాను. ఇప్పుడు వెళ్ళమంటున్నాను. ఎదురు మాట్లాడకు. ఆ ఆడది ఉంటే దాని మొహం ముందే పాసవ్వు. లేకపోతే లేదని పాసవ్వు."

"పేరు అడిగితే?"

"అడిగితే కిందటేడు ఏం చెప్పావో అదే చెప్పు. పాసయ్యేదాకా వెళ్తూనే ఉండు. గొర్రెలు నాకు చాలా ఉన్నాయి, నేను లెక్క చూసుకుంటాను."

వెళ్ళాను. వెనెరా కెరిమోవ్నా ఆ ఏడు రాలేదు. వచ్చినావిడ ఖాళీ సమయంలో ఏం చేస్తావని అడిగింది. నాకు ఖాళీ సమయం ఉండదని చెప్పాను. ఆమె నవ్వి పాసు వేసింది. బల్ల మీద కాగితాలూ నీళ్ళ సీసా తప్ప ఇంకేం లేవు. దస్తర్‌ఖాన్ పరుద్దామని మా వాళ్ళెవరూ అనలేదట, వచ్చినవాళ్ళూ అడగలేదట. పాసయ్యానని ఇంటికొచ్చి చెబితే అత్తగారు ఉన్ని వడుకుతూ, "ఆవులకి నీళ్ళు పెట్టావా?" అంది.

ఇప్పుడు మా ఊరి బడిలో ఇంగ్లీషు గంట కొడితే పిల్లలు పారలు ముట్టరు. పెద్ద క్లాసుల వాళ్ళకు టాపిక్‌లు నేనే రాయిస్తాను. ఒక్కొక్కరి చేత వాళ్ళ ఇంటి గురించే రాయిస్తాను. ఎవరైనా ఒక పేరు దగ్గర ఆగితే, ఆగనిస్తాను.

మా అత్తగారు పోయిన చలికాలంలో చనిపోయింది. చివరిదాకా మా ఇద్దరికీ పడలేదు. ఆఖరి రోజుల్లో నేను గంజి కాచి తీసుకెళ్తే, "నీ పుస్తకం తిండి నువ్వే తాగు," అని గోడవైపు తిరిగింది. మా జిల్లాలో ఇప్పటికీ ఆమె అతిథుల ముందు నుంచి మాంసం లాక్కున్న మనిషే. ఆ కథ చెప్పేవాళ్ళు ఆ రోజు ఆ గదిలో లేరు. నేను ఉన్నాను.

అందుకే ఇది చదివినవాళ్ళను అడుగుతున్నాను. ఆమెను గుర్తుపెట్టుకోండి. మంచిదని నేను అనను, మంచిగా ఉండాలని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. తనకు పడని కోడలి వెనక నిలబడి, బతుకంతా సంపాదించుకున్న పేరును ఒక్క పళ్ళెంతో పోగొట్టుకుని, దాన్ని గురించి మళ్ళీ మాటెత్తని మనిషిగా గుర్తుపెట్టుకోండి. ఆమె ఎవరో తెలుసుకోవాలనిపిస్తే మా ఊరు వచ్చి ఎవరినైనా అడగండి, చెబుతారు. నన్ను మాత్రం అడగకండి.